గోవిందసామి పెరట్లో రెండో ఇల్లు

గోవిందసామి కట్టినన్ని ఇళ్ళు మద్రాసులో ఏ బిల్డరూ కట్టి ఉండడు. రాజమహళ్ళు కట్టాడు, కోర్టులు కట్టాడు, పోలీస్ స్టేషన్లు కట్టాడు. జమీందారు మేడ కట్టాడు, పక్కనే ఆ మేడను చూసి కుళ్ళుకునే పేదవాడి పూరిల్లూ కట్టాడు. అన్నీ ప్లైవుడ్డు, చెక్క రీపర్లు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఒక్కదానికీ ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. ఆర్ట్ డైరెక్టరు వచ్చి చూసి ‘సరే, కానివ్వు’ అంటే చాలు, మేకులు దిగేవి. అలాంటి మనిషికి సొంత పెరట్లో ఒక గది, ఒక వంటిల్లు, ఒక బాత్రూము కట్టుకోవడానికి కార్పొరేషన్ అనుమతి తెచ్చుకోవడంలో నడుం విరిగింది.

ఆ పెరడు కోడంబాక్కం స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, ఒక ఆటో వస్తే ఇంకో ఆటో వెనక్కి పోవాల్సిన సందులో ఉంది. స్టూడియోల వెనక ఇంకా తుమ్మచెట్లు ఉన్న రోజుల్లో గోవిందసామి తండ్రి వరదరాజులు కొన్న అర గ్రౌండు, అంటే నూట ముప్పై గజాల స్థలం అది. వరదరాజులు కూడా సెట్టు వడ్రంగే. వాళ్ళ వాళ్ళు ఏ కాలంలో ఈ దేశానికి వచ్చారో ఎవరికీ తెలీదు. మీది ఏ ఊరని ఎవరైనా తెలుగువాళ్ళు అడిగితే గోవిందసామి కాసేపు ఆలోచించి కోడంబాక్కమనే చెబుతాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. కొడుకు శ్రీకుమార్ గడప లోపల కూడా అరవమే.

స్థలానికి ముందు భాగంలో రెండు గదులు, ఒక హాలు ఉన్న ఇల్లు. ఒక గది శ్రీకుమార్‌కూ అతని భార్య రంజనికీ. ఇంకోటి గోవిందసామికీ భార్య పంకజానికీ. హాల్లో టీవీ, ఫ్రిజ్జు, మడత మంచం, కన్యక.

కన్యక గోవిందసామి చెల్లెలు. చిన్న వయసులోనే పెళ్ళి చేసి వ్యాసర్పాడి పంపారు. మొగుడు రైల్వే యార్డులో పని చేసేవాడు. ఏడాది తిరక్కముందే ఇంకో ఆడమనిషిని తెచ్చి ఇంట్లో పెట్టాడు. కన్యక అరిచి గోల చేయలేదు. బట్టలు సర్దుకుని పుట్టింటికి వచ్చేసింది. తర్వాత ముసలివాళ్ళను చూసుకునే పనికి కుదిరింది. అడయారులో ఒక పెద్దావిడ, అన్నానగర్‌లో పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన, ఇంకా ఎవరెవరో. వాళ్ళ మంచం పక్కనే చాప పరుచుకుని పడుకునేది. ఆ ముసలి ప్రాణం పోగానే వాళ్ళ పిల్లలు ఇంటికి తాళం వేసుకోవాలి కాబట్టి కన్యక సంచి పట్టుకుని బయటికి వచ్చేది. మళ్ళీ అన్న ఇల్లు, మళ్ళీ ఇంకొకరి మంచం పక్కన చాప. ఆఖరికి ఆమె మోకాళ్ళే పట్టేసి, ఒకరిని లేపి కూర్చోబెట్టే బలం పోయాక, హాల్లోని మడత మంచానికి వచ్చి చేరింది. నలుగురిలో ఉన్నట్టే తెలియనివ్వని మనిషి. ఏమడిగినా ‘సరి’ అంటుంది. టీవీలో ఏం పెట్టినా సరి, కూరలో ఉప్పు లేకపోయినా సరి.

ఒకనాడు తెల్లవారుజామున గోవిందసామి మంచినీళ్ళ కోసం లేచి వస్తే, వంటింటి గడప దగ్గర కన్యక గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లైటు కూడా వేసుకోలేదు.

“ఏం, ఈడ కూచోనుండావు?”

“మెలకువొచ్చిందన్నా. వదిన లేచ్చే కాఫీ పెడ్తాది గదా అని.”

“నువ్వే పెట్టుకోని తాగరాదా?”

“వదిన పొయ్యి గదన్నా,” అంది కన్యక.

పంకజం చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్ళందరూ ఆమె మీద పడతారు. ఆడబిడ్డను ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. తన పొయ్యి ముట్టొద్దని చెప్పనూ లేదు. కానీ పాలగిన్నె పెట్టిన చోట లేకపోతే, కాఫీపొడి డబ్బా మూత సరిగ్గా పడకపోతే ఆమె మొహం ఒక రకంగా అవుతుంది. బతుకంతా పరాయి వంటిళ్ళలో తిరిగిన కన్యకకు ఆ మొహాలు చదవడం బాగా వచ్చు. అందుకని ఇన్నేళ్ళుగా రోజూ చీకట్లో మెలకువ వచ్చినప్పటి నుంచి వదిన లేచేదాకా అలా కూర్చుంటూనే ఉందని గోవిందసామికి ఆ రోజు అర్థమైంది. మంచినీళ్ళు తాగకుండానే గదిలోకి వెళ్ళి పడుకున్నాడు కానీ నిద్ర పట్టలేదు. సిగ్గేసింది.

తెల్లారాక భార్యతో చెప్పాడు. “ఎనక కన్యకకు ఒక చిన్న ఇల్లు గట్టిస్తా. దాని పొయ్యి దానికుంటాది.”

“గట్టు. నేనొద్దంటినా?” అంది పంకజం. “దానికి కార్పొరేషనుకు పోయేదెందుకు? ఎనకింటోళ్ళు పోయినారా?”

వెనకింటివాళ్ళు పోలేదు. చెప్పాపెట్టకుండా మేడ మీద గది లేపారు. ఎవరు పితూరీ చెప్పారో ఏమో, మనుషులొచ్చి ఆ గదికి సీలు వేసి పోయారు. గదిలో మంచం, లోపల ఫ్యాను, బయట తాళం. పైగా వేరే కరెంటు మీటరు కావాలన్నా, వేరే రేషన్ కార్డు కావాలన్నా, వేరే డోర్ నంబరు ఉండాలని అందరూ అంటారు. గోవిందసామికి కావలసింది గది కాదు. కన్యకకు ఇల్లు.

అలా మొదలైంది తిరుగుడు.

ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెట్టే ఇంజినీరు ఆనంద్‌రాజ్ అని, జిరాక్స్ షాపు మేడ మీద ఆఫీసు. మంచి కుర్రాడు, మాట మెత్తన. స్థలం కొలిచాడు, సందు వెడల్పు కొలిచాడు, వెంట్రుకవాసిలో సరిపోయిందన్నాడు. ప్లాను గీసేముందు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“అన్నా, నా మాట వినండి. కిచెన్ అని రాయొద్దు. స్టోర్ రూమ్ అని పెడ్తా. మీ ఇంటికే ఒక గది పొడిగిస్తాండారని పోతాది. సులభంగా వచ్చేస్తాది. తరవాత లోపల పొయ్యి పెట్టుకుంటే ఎవరొచ్చి చూస్తారు?”

గోవిందసామి చాలాసేపు ఆ కాగితం వంక చూశాడు. “ఒద్దు తంబీ. వంటిల్లనే రాయి. వేరే ఇల్లనే రాయి.”

“ఎందుకన్నా తలనొప్పి? రెండో ఇల్లు అంటే ప్రశ్నలు ఎక్కువొస్తాయి.”

“రానీ. కాయితంలో లేదంటే అది మళ్ళా ఎవురిదో వంటిల్లే అవతాది.”

ఆనంద్‌రాజ్ భుజాలు ఎగరేసి అలాగే రాశాడు. ఆ రోజు గోవిందసామి తలెత్తుకుని మెట్లు దిగాడు. తలెత్తుకుని దిగినంత తేలికగా తర్వాతి పనులు జరగలేదు.

మొదటి ప్రశ్న వచ్చింది. పట్టా ఇంకా వరదరాజులు పేరు మీదే ఉంది. పోయిన మనిషి ఇల్లు కట్టడానికి అనుమతి అడగలేడు కదా. వరదరాజులు పోయింది తిరుత్తణి దగ్గర చుట్టాలింట్లో కాబట్టి చావు సర్టిఫికెట్టు ఆ ఊరి నుంచి రావాలి. దానికోసం గోవిందసామి బస్సులెక్కి తిరిగాడు. తర్వాత వారసుల సర్టిఫికెట్టు. తర్వాత పట్టా మార్పు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరి పేర్లూ ఎక్కించారు. కన్యక ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది, సరి అంది.

ఈలోగా వానలు పడ్డాయి. కోడంబాక్కం సబ్‌వేలో నీళ్ళు నిలిస్తే కార్పొరేషన్ ఆఫీసులో సగం మంది మోటార్లు పెట్టి తోడించడానికి పోయారు. వానలు ఆగాక ఎన్నికల డ్యూటీ అన్నారు. ఎన్నికలయ్యాక మన ఫైలు చూసే ఆయనకు బదిలీ అయింది. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కూర్చోమని బెంచీ చూపించారు. ఆ బెంచీ మీద కూర్చుని కూర్చుని గోవిందసామికి దాని పలక ఎక్కడ వదులైందో తెలిసిపోయింది. జేబులో స్క్రూడ్రైవరు ఉండుంటే బిగించేసేవాడే.

ఒక్కో ప్రశ్నా రంజని సెల్‌ఫోనుకు వచ్చేది. కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, “మామా, ఇంగోటి కేట్టిరుక్కాంగ,” అనేది. ఇంకోటి అడిగారట. గోవిందసామి చొక్కా తొడుక్కునేవాడు. షూటింగులకు పోవలసిన రోజులు ఈ తిరుగుడులోనే పోయాయి. యూనియనులో పిలుపు తగ్గింది. ఊరికే తిరగడం కంటే బరువులు మోయడమే నయమనిపించేది. గతంలో సాయంత్రమయ్యేసరికి భుజాలు నొచ్చేవి, అన్నం తిని పడుకుంటే పోయేవి. ఇప్పుడు పొద్దున లేచేసరికే అలసటగా ఉంటోంది. అది ఎక్కడ నొప్పో చూపించమంటే చూపించలేడు.

చివరికి కాగితాలన్నీ కుదిరాయి. ఇక అధికారి వచ్చి ఖాళీ స్థలం చూసుకోవడమే మిగిలిందని, ఎప్పుడొస్తారో చెప్పలేమని ఆనంద్‌రాజ్ అన్నాడు.

ఆ ఎదురుచూపులోనే గోవిందసామి తన గొయ్యి తానే తవ్వుకున్నాడు.

సెట్టు పనిలో ఒక పద్ధతి ఉంది. పెద్ద సెట్టు వేయబోయే ముందు, ఉత్త ప్లైవుడ్డుతో నిలువెత్తు డమ్మీ ఒకటి నిలబెడతారు. డైరెక్టరు, కెమెరామాను వచ్చి అందులో తిరుగుతారు. తలుపు అటు పెట్టు, కిటికీ ఇంకాస్త కిందికి దించు, ఇక్కడ మనిషి నిలబడితే తల తగులుతుంది అంటారు. అవన్నీ చూసుకున్నాకే అసలు పని. అరవై ఏళ్ళు దగ్గరపడ్డ గోవిందసామికి ఇల్లు కట్టడమంటే ఇదొక్కటే దారి. డమ్మీ వేయకుండా గోడ లేపడం ఎలాగో అతనికి నిజంగా తెలీదు. ఒక స్టూడియోలో సెట్టు విప్పేస్తుంటే పారేసే ప్లైవుడ్డు, రీపర్లు ఆటో ట్రాలీలో వేయించుకుని వచ్చాడు. ప్లానులో గీసిన కొలతలతోనే పెరట్లో మునగచెట్టు పక్కన నిలబెట్టాడు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక తలుపు, ఒక కిటికీ. కన్యకను పిలిచి, కిటికీ ఎత్తు సరిపోతుందా, పొయ్యి దిమ్మె మోకాళ్ళకు ఇబ్బంది లేకుండా ఉందా చూడమన్నాడు.

అక్కడితో ఆపితే బాగుండేది. చేతులు ఊరుకోవు కదా. ఉత్త ప్లైవుడ్డు కళ్ళకు కొట్టినట్టుందని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూశాడు. పూత తెల్లగా వెలితిగా ఉందని లేత పసుపు రంగు వేశాడు. రంగు వేశాక అది కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంటే అతనిలోని సెట్టు మనిషికి నచ్చలేదు. సినిమాలో ఇల్లంటే మనుషులు బతికినట్టుండాలి. కిటికీ కింద వాన నీళ్ళు కారిన మరకలు దిద్దాడు. తలుపు పక్కన చేతులు తగిలి మాసినట్టు నలుపు రుద్దాడు. గోడ అడుగున చెమ్మ పట్టినట్టు పాచి రంగు చల్లాడు. రెండు రోజుల కింద లేచిన గోడలు ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు తయారయ్యాయి. దూరంగా నిలబడి చూసుకుని తృప్తిగా బీడీ ముట్టించాడు. అనుమతి కోసం ఖాళీ స్థలం చూపించాల్సిన మనిషి, తన చేత్తో తానే దాని మీద ఒక పాత ఇల్లు నిలబెట్టుకున్నాడు. ఇది వాళ్ళ వృత్తిలో వాళ్ళు తప్ప ఇంకొకరు చేయలేని తెలివితక్కువ పని.

కన్యక చూసింది. లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. సెట్టుకు పైకప్పు ఉండదు, లైట్లు పైనుంచే కదా వేలాడదీస్తారు, అలవాటు కొద్దీ గోవిందసామి కప్పు వేయలేదు. మర్నాటికి దాని మీద నీలం టార్పాలిను కప్పి ఉంది. మంచి పనులకు పనికిరాని ఆడి నెల వెళ్ళి ఆవణి వచ్చిన తొలి శుక్రవారం పొద్దున, గోవిందసామి పళ్ళు తోముకుంటూ పెరట్లోకి వస్తే ప్లైవుడ్డు గుమ్మానికి మామిడాకులు కనిపించాయి. లోపల ఒంటి బర్నరు స్టవ్వు మీద పాలు పొంగి పక్కలకు కారుతున్నాయి. కన్యక చేతులు జోడించుకుని నిలబడి ఉంది.

“ఏంది కన్యకా ఇది? చూసి చెప్పమంటే పాలు పొంగిచ్చినావే.”

“మంచి దినమని పంచాంగంలో ఉండె. ఒట్టిగా ఎందుకన్నా ఉండేది అని.”

“ప్లైవుడ్డు నడుమ స్టవ్వా,” అంది వెనక నుంచి పంకజం. అని, గ్లాసు తెచ్చుకుని పాలు తీసుకుంది. పొంగిచ్చిన పాలు ఒద్దనకూడదు.

ఆ రోజు నుంచి కన్యక అక్కడే పడుకుంది. చీకట్లో లేచి తన స్టవ్వు వెలిగించుకుని కాఫీ పెట్టుకునేది. గోవిందసామి తీసెయ్యమని చెప్పాలనే అనుకున్నాడు. ఒకసారి తెల్లవారుజామున ఆ కిటికీలోంచి వెలుగు చూశాక చెప్పలేకపోయాడు. అధికారి వచ్చే ముందు ఫోను చేస్తారు కదా, అప్పుడు విప్పేద్దాంలే అనుకున్నాడు.

అధికారి ఫోను చేయలేదు. గోవిందసామి పూందమల్లి అవతల ఒక షూటింగు ఫ్లోరులో ఆస్పత్రి సెట్టు కడుతుండగా, కన్యకను మోకాళ్ళ డాక్టరు దగ్గరికి పంకజం తీసుకెళ్ళిన పూట వచ్చాడు. రంజని తలుపు తీసి పెరడు చూపించింది. అతను తలుపు దగ్గరేసి ఉన్న ఆ ఇంటికి బయట నుంచే ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు రోజులకు రంజని సెల్‌ఫోనుకు కబురు వచ్చింది. స్థలంలో ఇప్పటికే అనుమతి లేని పాత ఇల్లు ఉందని, దాన్ని దాచిపెట్టి అప్లికేషను పెట్టారని, సంజాయిషీ చెప్పుకోమని.

ఆనంద్‌రాజ్ ఫోటోలు చూసి తల పట్టుకున్నాడు. “అన్నా, ఇది ఇరవై ఏళ్ళ ఇల్లు మాదిరి ఉందే. నేనే నమ్మేస్తాండాను.”

గోవిందసామి మళ్ళీ ఆ బెంచీ మీదికి పోయాడు. కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజినీరు ఒక అమ్మాయి, పేరు జీవిత. బల్ల మీద ఫైళ్ళు, వాటి పక్కన మూత తీయని టిఫిను డబ్బా. గోవిందసామి అరవంలో చెప్పుకున్నాడు, అది సెట్టు మేడమ్, ఇల్లు కాదు అని. ఆమె ఫోటో పెద్దది చేసి చూసి, తల అడ్డంగా ఊపింది. అంతలో పంకజం ఫోను చేస్తే, “నమ్మలేదు ఆ యమ్మ, ఏం జేసేది,” అన్నాడు గోవిందసామి తెలుగులో.

“మాది వాషర్‌మెన్‌పేట్,” అంది జీవిత తెలుగులోనే. “ఇంట్లో తెలుగే మాట్లాడతాం. సరి, నేనే వచ్చి చూస్తా లెండి.”

రెండు రోజుల తర్వాత పొద్దున ఆమె స్కూటీ మీద వచ్చింది. ఎండ అప్పుడే మొదలైంది. పెరట్లోకి రాగానే ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. బోలుగా చప్పుడైంది. కిటికీ కింద మరక మీద వేలు పెట్టి రుద్ది చూసుకుంది.

“ఈ చెమ్మ గూడా పెయింటేనా?”

“ఆమా మేడమ్.”

“ఎందుకేసినారు?”

“అట్లేస్తేనే ఇల్లుగా ఉంటాది మేడమ్.”

జీవిత నవ్వింది. నవ్వి, తలుపు సందులోంచి లోపలికి చూసింది. లోపల తాడు మీద చీర ఆరేసి ఉంది. స్టవ్వు మీద గిన్నె ఉంది. మూలన చుట్టిన చాప ఉంది. నవ్వు ఆగింది. కాసేపు అలాగే నిలబడి, చూసీ చూడనట్టు ఇవతలికి వచ్చింది.

“చూడండయ్యా,” అంది. “ఇటుకతో కట్టినా ప్లైవుడ్డుతో కట్టినా, మనిషి కాపురముంటే నాకది ఇల్లే. అనుమతి లేని ఇల్లు. అప్పుడీ ఫైలు మూసెయ్యాల. దీన్ని తీసేసి, మళ్ళా మొదటినించి పెట్టుకోవాల. షూటింగుకు వేసిన డమ్మీ, ఎవరూ ఉండటం లేదు అంటే అది వేరే. తాత్కాలికం అని రాసి ఈరోజే పైకి పంపిస్తా. షూటింగు సెట్టంటే చీర, పొయ్యి అన్నీ ఉంటాయి గదా.”

ఇంతకంటే ఎవరు సాయం చేస్తారు? తోవ చూపించి, తలుపు కూడా తానే తీసి పట్టుకుంది. గోవిందసామి పంకజం వైపు చూశాడు. పంకజం కళ్ళతోనే ఊఁ అను అంది. స్టోర్ రూమ్ అని రాయనివ్వని మనిషి అతను. కానీ అది ఎప్పటి మాట. ఆ మనిషి తిరుత్తణి బస్సులో, వానలో, ఆ బెంచీ మీద కొంచెం కొంచెంగా అరిగిపోయాడు. ఇప్పుడు ఒక్క మాట అంటే ఈ తిరుగుడు అయిపోతుంది. ఇంట్లోకెళ్ళి పడుకోవచ్చు. అతనికి అన్నిటికంటే పడుకోవాలని ఉంది.

“షూటింగుకేసిందే మేడమ్,” అన్నాడు. “ఎవురూ ఉండేది లేదు.”

జీవిత తల ఊపి కాగితం తీసింది. “పట్టాలో చెల్లెలి పేరు గూడా ఉండాదే. ఆ యమ్మ ఎవరు?”

మునగచెట్టు కింద నిలబడ్డ కన్యక ముందుకు వచ్చింది.

“మీరూ ఒక మాట చెప్పాలమ్మా, రాసుకునేదానికి. ఈడ ఎవరన్నా ఉండారా?”

గోవిందసామి చెల్లెలి వైపు చూడను కూడా చూడలేదు. ఏముంది, సరి అంటుంది. బతుకంతా అదే కదా అంది.

“నేనుండాను,” అంది కన్యక.

పంకజం ఆమె చెయ్యి పట్టుకుంది. జీవిత రాయడం ఆపింది. “షూటింగుకు వేసిందని మీ అన్న చెప్తాండారే,” అంది నెమ్మదిగా. ఇంకొక్కసారి ఆలోచించుకోమన్నట్టే అడిగింది.

“అన్న వేసింది నాకు చూపిచ్చేదానికే. నేనే వచ్చి చేరినా. రోజూ ఈడనే పండుకుంటా, ఈడనే వండుకుంటా.” కన్యక గొంతు పెద్దది చేయలేదు. “ఇది నా ఇల్లమ్మా.”

జీవిత ముగ్గురినీ చూసింది. ఆమె మొహంలో కోపం లేదు, కానీ విన్న మాటను విననట్టు రాయడం ఆమె చేతిలో లేదు. కాగితం మీద ఏదో రాసింది. గడువు చెప్పి, ఆలోగా తీసేసి ఖాళీ స్థలం ఫోటో పెట్టాలంది. అప్లికేషను కొత్తగా వేయాలంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, కన్యకతో, “వస్తానమ్మా,” అని చెప్పి స్కూటీ ఎక్కింది.

ఆ రోజంతా గోవిందసామి ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. పంకజమే అందరి తరపునా మాట్లాడింది. నోరు తెరవాల్సిన చోట ఏనాడూ తెరవని మనిషి, మూసుకోవాల్సిన చోట తెరిచిందని గిన్నెలతో చెప్పింది, కుళాయితో చెప్పింది. సాయంత్రం కన్యక తన చాప, స్టవ్వు, చీరలు తెచ్చి హాల్లో మడత మంచం కింద పెట్టుకుంది.

పొద్దున్నే గోవిందసామి స్క్రూడ్రైవరు, సుత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. సెట్లు విప్పడం అతనికి కొత్త కాదు. ఎంత పెద్ద మహలైనా షూటింగు అయిన పూటే విప్పి లారీకెక్కించిన మనిషి. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసిన గుర్తు లేదు. ఈ చిన్న గది దగ్గర మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. కన్యక వచ్చి పక్కన నిలబడింది. ముందు టార్పాలిను లాగి మడత పెట్టింది. తర్వాత అతను స్క్రూలు విప్పి కింద పడేస్తుంటే వంగలేక వంగి ఒక గిన్నెలోకి ఏరింది. పూత పెళ్ళలు పెళ్ళలుగా రాలి ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి.

ఒక గోడ దిగాక గోవిందసామి ఇక పట్టలేకపోయాడు.

“నీకోసరమే గదా ఇంత తిరిగినాను. ఒక్క మాట లేదనేసుంటే అయిపోయేది. ఆ యమ్మే చెప్పిచ్చింది ఏం జెప్పాలో. ఎందుకట్ల జెప్పినావు?”

కన్యక గిన్నె కింద పెట్టింది. చేతులకు అంటిన పొడి దులుపుకుంది. చెప్పదేమో అనుకుని అతను మళ్ళీ పని అందుకోబోయాడు.

“ఇంతమంది ఇండ్లల్లో ఉన్నా,” అంది. “ఇంత వయసొచ్చింది. ఈ ఇంట్లో ఉండేదెవరు అని నన్నడిగింది ఆ యమ్మ ఒకటే అన్నా. లేదనేకి నోరు రాలేదు.”

గోవిందసామి చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. తానూ అడగలేదు. కిటికీ ఎత్తు అడిగాడు, దిమ్మె ఎత్తు అడిగాడు, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పాడు. నిన్న ఆమె మాట తానే చెప్పేశాడు, ఆమె ఎదురుగానే. కళ్ళు మండాయి. పూత పొడి పడిందని మోచేత్తో తుడుచుకున్నాడు.

“ఈ తడవ అప్లికేషను నీ పేరు మీద పెడదాం,” అన్నాడు కొంతసేపటికి. “నువ్వే రా ఆఫీసుకు. అడిగేవాళ్ళకు నువ్వే జెప్పు.”

“నాకేం తెలుసునన్నా? శానా దినాలు తిప్పుతారు గదా.”

“తిప్పుతారు.”

కన్యక ఆ మాట మీద కాస్త ఆలోచించింది. “ఆడ కూచునేదానికి బెంచీ ఉంటాదా? నా మోకాళ్ళు నిలబడనియ్యవు.”

“ఉంటాది,” అన్నాడు గోవిందసామి.

“అట్లయితే వస్తా,” అంది కన్యక. ఇంకా మూడు గోడలున్నాయి. ఆమె గిన్నె అందుకుంది, అతను రెండో గోడకు నిచ్చెన వేశాడు.